రోజూ సూర్యుడి ఉపగ్రహ ఫొటోలు తెలుగులో పెట్టాలనుంది, ఏవి పెట్టాలి? ఎలా పెట్టాలి?

గుంటూరు_ఫిజిక్స్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను గుంటూరు దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం, వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం కూడా, ఒక చిన్న వెబ్ పేజీ పెట్టాలనుకుంటున్నాను. ఆ రోజు సూర్యుడు ఎలా ఉన్నాడో ఉపగ్రహం తీసిన ఫొటో ఒకటి, కింద తెలుగులో నాలుగు ముక్కలు, అంతే.

ఈ ఆలోచన ఎందుకొచ్చిందంటే, మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో తిరిగింది. సూర్యుడిలో సగానికి పైగా నల్లగా ఎవరో కొరికేసినట్టు ఉంది, పైన మూలన నాసా అని ఉంది, కింద మాత్రం మూడు రోజులు చీకటి, పిల్లల్ని బయటికి పంపకండి అని రాశారు. ఫొటో నిజమైనదే, వెతికితే నాసా సైట్లోనే ఉంది. మాట మాత్రం అబద్ధం. ఇలాంటివి వచ్చినప్పుడు కొట్టిపారేయడం కాకుండా "ఇదిగో అసలు ఫొటో, ఇది ఇందుకు ఇలా వచ్చింది" అని చూపించే చోటు ఒకటి తెలుగులో ఉండాలని నాకు గట్టిగా అనిపించింది.

కాని సైట్ తెరిస్తే ఒకే సూర్యుడు పది పన్నెండు రంగుల్లో ఉన్నాడు. బంగారు రంగు, ఎరుపు, ఊదా, ఆకుపచ్చ, నీలం, ఒక్కోదాని మీద 171, 193, 304 అని అంకెలు. ఇందులో అసలు రంగు ఏది? రోజుకొకటి పెట్టాలంటే ఏది పెట్టాలి? ఇవి లైవా, నిన్నటివా? మన పేజీలో పెట్టుకోవడానికి అనుమతి కావాలా? మన ఇస్రో పంపిన ఆదిత్య తీసిన ఫొటోలు కూడా ఇలాగే దొరుకుతాయా? పిల్లలందరి దగ్గరా ఉండేది అమ్మానాన్నల ఫోనే, డేటా కూడా తక్కువ, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పగలరు.

దుర్భిణి_దాదా:

మేడమ్, చాలా మంచి పని. నేను వృత్తిరీత్యా బ్యాంకులో చేస్తాను, ఆకాశం చూడటం అలవాటు, ఈ ఫొటోలు ఏళ్ళ తరబడి రోజూ చూస్తున్నాను కాబట్టి తెలిసినంత చెప్తాను.

మీరు చూసిన రంగుల సూర్యుళ్ళు ఎస్‌డీఓ అనే నాసా ఉపగ్రహం తీసినవి. 2010 ఫిబ్రవరి 11న ఎగిరింది. అందులో ఏఐఏ అనే పరికరంలో నాలుగు టెలిస్కోపులున్నాయి, అవి పది రకాల కాంతుల్లో సూర్యుణ్ణి తీస్తాయి. ముఖ్యమైన వాటిలో దాదాపు ప్రతి 12 సెకన్లకూ ఒక ఫొటో. మీరు చూసిన 171, 193, 304 అన్నవి తరంగదైర్ఘ్యాలు, ఆంగ్‌స్ట్రామ్‌లలో. మన కంటికి కనిపించే కాంతి సుమారు 4000 నుంచి 7000 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా ఉంటుందని మీరు క్లాసులో చెప్పే ఉంటారు, కాబట్టి 171 అంటే ఎంత అవతల ఉందో చూడండి. అది మన వాతావరణం దాటి కిందికి రాదు, వచ్చినా కంటికి ఆనదు. అందుకే "అసలు రంగు ఏది" అంటే ఆ ఫొటోల్లో దేనికీ అసలు రంగు లేదు. కెమెరా ఇచ్చేది ఎక్కడ ఎంత వెలుతురు అన్న లెక్క మాత్రమే, అంటే బ్లాక్ అండ్ వైట్. ఏది ఏ కాంతిలో తీసిందో చూడగానే పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు ఒక్కో దానికి ఒక్కో రంగు కేటాయించుకున్నారు. 171కి బంగారు రంగు, 304కి ఎరుపు, 211కి ఊదా, 94కి ఆకుపచ్చ.

ఇది మీ పేజీలో ప్రతి ఫొటో కిందా ఒక వాక్యంగా ఉండాల్సిందే. రంగు వేశారు అనగానే "అయితే ఇదంతా ఫేక్" అనేవాళ్ళు తయారవుతారు. ఫేక్ కాదు. ఆకారం, వెలుతురు, చీకటి అన్నీ ఉపగ్రహం చూసినవే, రంగు మాత్రం గుర్తు కోసం పెట్టింది. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ మిమ్మల్ని నిలదీయలేరు.

ఇన్ని రకాలు ఎందుకంటే ఒక్కో కాంతి ఒక్కో వేడి దగ్గర ఉన్న పదార్థం నుంచి వస్తుంది. 304లో కనిపించేది దాదాపు 50 వేల డిగ్రీల దగ్గరున్న హీలియం. 171లో దాదాపు ఆరు లక్షల డిగ్రీల దగ్గరున్న ఇనుము పరమాణువులు, ఎనిమిది ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నవి. 193 పది లక్షలు దాటినది. 131లో అయితే ఫ్లేర్ (సూర్యుడి మీద ఒక్కసారిగా జరిగే పెద్ద పేలుడు) వచ్చినప్పుడు కోటి డిగ్రీల పదార్థం తళుక్కుమంటుంది, మిగతా రోజుల్లో కాస్త డల్‌గా ఉంటుంది.

మీరు గుంటూరు అన్నారు కాబట్టి మొదటి ఫొటోగా 304నే పెట్టమంటాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త మీ గుంటూరుకే వచ్చి చూశాడు. సూర్యుడి అంచున ఎర్రగా లేచే జ్వాలల కాంతిని స్పెక్ట్రోస్కోప్‌లో, అంటే కాంతిని రంగులుగా విడదీసే పరికరంలో, చూస్తే గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా ఇవి కనిపించాలి కదా అని ఆయనకు తట్టింది, మర్నాడే మామూలు ఎండలో చూసి చూపించాడు కూడా. అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పాగ్సన్ చూశాడు. ఆ గీతల్లో పసుపుపచ్చది ఏ మూలకానిదో అని అక్కడ మొదలైన గొడవే చివరికి హీలియం అనే కొత్త మూలకం దగ్గర తేలింది. ఇంగ్లండ్‌లో లాక్యర్ దాన్ని సూర్యుడిలో ఉన్న మూలకం అన్నాడు, భూమ్మీద రామ్సే దాన్ని పట్టుకునేసరికి 1895 అయింది. జాన్సెన్ చూసిన జ్వాలల్నే ఇప్పుడు మీ పిల్లలు ఫోన్లో హీలియం కాంతిలో, ఏ గ్రహణమూ లేకుండా చూస్తారు. గుంటూరు పిల్లలకు ఇది చెప్పకపోతే ఎలా?

ఇక వాట్సాప్‌లో వచ్చిన నల్ల ఫొటో. ఎస్‌డీఓ భూమి చుట్టూ తిరుగుతుంది, భూమితో పాటే రోజుకొక చుట్టు. దాని డేటా దించుకునే యాంటెన్నాలు అమెరికాలో న్యూమెక్సికోలో ఉన్నాయి, ఎప్పుడూ వాటికి కనిపిస్తూ ఉండేలా ఆ రేఖాంశానికి దగ్గర్లోనే దాన్ని ఉంచారు. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి–మార్చి లోనూ ఆగస్టు–సెప్టెంబరు లోనూ, దాదాపు మూడేసి వారాల పాటు రోజూ కాసేపు భూమి దానికీ సూర్యుడికీ అడ్డం వస్తుంది. ఎక్కువలో ఎక్కువ 72 నిమిషాలు. అక్కడ అర్ధరాత్రి వేళ ఇది జరుగుతుంది, అంటే మనకు మధ్యాహ్నం. మీ పిల్లలు మధ్యాహ్న భోజనం చేసి పేజీ తెరిస్తే నల్లటి సూర్యుడు కనిపించే రోజులు ఏడాదిలో నెలకు పైనే ఉంటాయన్నమాట! ముందే ఒక పోస్టు రాసి పెట్టుకోండి. చంద్రుడు కూడా అప్పుడప్పుడు అడ్డం వస్తాడు. తేడా పట్టడం తేలిక: చంద్రుడి అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, గాలి లేదు కాబట్టి. భూమి అంచు మసకమసగ్గా ఉంటుంది, ఎందుకంటే మన వాతావరణం ఆ కాంతిని కొంచెం కొంచెంగా మింగేస్తుంది. మీ గ్రూపులో వచ్చిన ఫొటోను పెద్దది చేసి అంచు చూడండి, అడ్డం వచ్చింది ఎవరో మీకే తెలిసిపోతుంది.

డేటాసేవర్:

దాదా చెప్పింది బాగుంది, నేను వెబ్ పని చేసేవాణ్ణి కాబట్టి ఆ వైపు మాత్రం చెప్తాను.

ఎస్‌డీఓ ఫొటో అసలు సైజు 4096 అడ్డం, 4096 నిలువు. అంటే కోటీ అరవై ఏడు లక్షల పిక్సెళ్ళు. రోజుకు ఒకటిన్నర టెరాబైట్ల డేటా పైనుంచి దిగుతుంది. అది మీకు అక్కర్లేదు. సైట్లోనే 512, 1024, 2048 సైజుల్లో కూడా పెడతారు, ఫోనుకు 1024 చాలు. పేజీలో ముందు చిన్నది చూపించి, నొక్కితేనే పెద్దది వచ్చేలా పెట్టండి. వీడియో తనంతట తాను ఆడేలా మాత్రం పెట్టకండి, పిల్లల ఇళ్ళల్లో ఆ రోజు డేటా అక్కడే అయిపోతుంది.

ఇంకొకటి, వాళ్ళ సైట్లోని ఫొటో అడ్రసును నేరుగా మీ పేజీలో అతికించకండి. ఆ "లేటెస్ట్" ఫైలు ఎప్పటికప్పుడు మారిపోతుంది. మీరు పొద్దున కింద "ఎడమవైపు పెద్ద మచ్చ చూడండి" అని రాస్తే సాయంత్రానికి పైన వేరే ఫొటో ఉంటుంది. వారం తర్వాత ఆ పాత పోస్టు తెరిచినవాళ్ళకు మచ్చ కుడివైపుకు వెళ్ళిపోయి ఉంటుంది. తేదీ, టైము ఫైలు పేరులోనే పెట్టి మీ దగ్గర ఒక కాపీ దాచుకోండి. ఏడాది తిరిగేసరికి అదే మీ ఆస్తి.

పెద్దగా చేసి చూపించాలంటే హీలియోవ్యూయర్ వాడండి. నాసా, యూరప్ వాళ్ళ ఈసా కలిసి నడిపే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అది. ఫొటోలన్నీ జేపెగ్ 2000 అనే పద్ధతిలో దాచారు, దానివల్ల మీరు ఏ మూల జూమ్ చేస్తే ఆ ముక్క మాత్రమే, కావలసినంత వివరంతో దిగుతుంది, మొత్తం ఫొటో దిగదు. తేదీ ఇస్తే ఆ రోజు సూర్యుణ్ణి చూపిస్తుంది. పిల్లలకు పుట్టినరోజు తేదీ కొట్టమనండి, 2010 తర్వాత పుట్టినవాళ్ళే కదా, "నేను పుట్టిన రోజు సూర్యుడు" అని ఒక్కొక్కరూ ఒక్కో ఫొటో తెచ్చుకుంటారు. తెలుగులో మెనూ లేదు, ఎక్కడ నొక్కాలో బాణం గుర్తులతో ఒక బొమ్మ గీసి పెడితే సరిపోతుంది.

అనుమతి సంగతి: నాసా ఫొటోలకు మామూలుగా కాపీరైట్ అడ్డు ఉండదు, బడి పనికి నిక్షేపంగా వాడుకోవచ్చు. ఎవరు తీశారో రాయాలి, నాసాయే మన పేజీని నడుపుతున్నట్టో మెచ్చుకున్నట్టో అనిపించేలా వాళ్ళ లోగో పెట్టకూడదు. సోహో అని ఈసా, నాసా కలిసి పంపిన ఇంకో సూర్య ఉపగ్రహం ఉంది, దాని ఫొటోలైతే ఇద్దరి పేర్లూ రాయండి.

ఎల్‌వన్_తోవలో:

నేను సౌర భౌతిక శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, మేడమ్ ఆదిత్య గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను.

ఆదిత్య–ఎల్‌1ను 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ–సీ57 మోసుకెళ్ళింది, 2024 జనవరి 6న ఎల్‌1 చుట్టూ కక్ష్యలో చేరింది. ఎల్‌1 మనకు సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ భూమి అడ్డం రాదు, దాదా చెప్పిన నల్ల సూర్యుడి బెడద ఆదిత్యకు లేదు. ఏడు పరికరాల్లో సూర్యబింబం మొత్తాన్ని ఫొటో తీసేది సూట్, పుణెలోని ఐయూకా అనే పరిశోధన సంస్థ తయారుచేసింది. 2000 నుంచి 4000 ఆంగ్‌స్ట్రామ్‌ల మధ్య అతినీలలోహిత కాంతిలో పదకొండు ఫిల్టర్లతో తీస్తుంది. ఎస్‌డీఓలో ఈ భాగం దాదాపు ఖాళీ. అందుకే సూట్ ఫొటోలు ఇంకొక దేశం ఫొటోలకు నకలు కాదు, నిజంగా కొత్త చూపు. వెల్క్ అనేది బెంగళూరులోని ఐఐఏ (భారత ఖగోళ భౌతిక సంస్థ) చేసింది, సూర్యబింబాన్ని మూసేసి చుట్టూ ఉన్న కరోనాను, అంటే సూర్యుడి బయటి వాతావరణాన్ని, చూస్తుంది.

డేటా 2025 జనవరి 6 నుంచి ఇస్రో వాళ్ళ ప్రదాన్ పోర్టల్లో అందరికీ అందుబాటులో పెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవాలి. ఇబ్బంది ఎక్కడంటే అవి ఫిట్స్ ఫైళ్ళు. ఫోన్లో నొక్కితే తెరుచుకోవు. ఫిట్స్ అంటే అంకెల పట్టిక, దాని పైన ఒక చీటీ. ఆ చీటీలో ఏ టైములో తీశారు, ఏ ఫిల్టరు, ఎన్ని సెకన్లు తెరిచి ఉంచారు, సూర్యుడి కేంద్రం ఏ పిక్సెల్ మీద ఉంది, ఉత్తరం ఎటు అన్నీ ఉంటాయి. పైథాన్‌లో సన్‌పై అనే ఉచిత లైబ్రరీతో తెరవొచ్చు, కాస్త ఓపిక ఉన్న ఇంటర్ పిల్లవాడు నేర్చుకోగలడు.

ఫిట్స్ నుంచి ఫోన్లో చూసే ఫొటో చేయడంలో ఒక మెలిక ఉంది, ఇది మామూలుగా ఎవరూ చెప్పరు. కెమెరా ఒక్కో పిక్సెల్‌కు వేలల్లో అంకె ఇస్తుంది. ఫోను తెర చూపించేది 0 నుంచి 255 దాకా మాత్రమే. ఉన్నదున్నట్టు నొక్కేస్తే ఫ్లేర్ ఉన్న చోట తెల్లటి చుక్క, మిగతా సూర్యుడంతా చీకటి. అందుకని వర్గమూలమో లాగరిథమో వేసి కుదిస్తారు, మసక భాగాలు పైకి లేస్తాయి. అంటే ఫొటోలో ఒక చోటు పక్కదాని కంటే రెండింతలు వెలుగుగా కనిపిస్తే నిజంగా రెండింతలే అనుకోవడానికి వీల్లేదు, ఎన్నో రెట్లు ఉండొచ్చు. మీ పదో తరగతి పిల్లలకు ఇదే ఒక ప్రయోగం: ఒకే ఫైలును మూడు రకాలుగా కుదించి పక్కపక్కన పెట్టండి, ఏది అబద్ధం అని అడగండి. ఏదీ కాదు. కాని ఏం చేశామో చెప్పకుండా పెట్టిన ఫొటో మాత్రం చూసేవాణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

నా మనసులో మాట ఒకటి. ప్రదాన్ పరిశోధకుల కోసం కట్టింది, దానికది మంచి పనే. కాని రాకెట్ ఎగిరిన రోజు శ్రీహరికోటలో వేలమంది నిలబడి చూశారు, టీవీల ముందు కోట్లమంది చూశారు. వాళ్ళందరికీ "ఈ రోజు ఆదిత్య చూసిన సూర్యుడు" అని ఖాతా లేకుండా, ఫైలు దించుకోకుండా, మన భాషల్లో ఒక ఫొటో అందాలి. సోహో 1995 డిసెంబరులో ఎగిరింది, ఇంటర్నెట్ అంటే ఏమిటో చాలామందికి తెలియని రోజుల్లోనే దాని ఫొటోలు అందరూ చూసేలా వెబ్‌లో పెట్టడం మొదలుపెట్టారు. అది శాస్త్రవేత్తలు చేసిన ఉపకారం అనుకుంటారు, కాని తిరిగి సైన్సుకు ఎంత వచ్చిందో ఇక్కడ ఉన్న తోకచుక్కల మిత్రుడు చెప్తే బాగుంటుంది.

తోకచుక్కల_వేట:

పిలిచారు కాబట్టి వచ్చాను :)

సోహోలో లాస్కో అని ఒక కెమెరా ఉంది, సూర్యబింబాన్ని పళ్ళెం లాంటి దానితో మూసి చుట్టుపక్కల ఆకాశాన్ని తీస్తుంది. మధ్యలో కనిపించే తెల్లటి సున్నా చుట్టు సూర్యుడి సైజుకు గుర్తు. సీ2 ఫొటోలు నారింజ రంగులో, సీ3 ఫొటోలు నీలంగా ఉంటాయి. సీ3 సూర్యుడికి ముప్ఫై వ్యాసార్ధాల దూరం దాకా చూస్తుంది. ఈ ఫొటోలు ఎప్పటికప్పుడు వెబ్‌లోకి వస్తుంటే ప్రపంచంలో మూలమూలనుంచి మామూలు జనం వాటిని ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ కదిలే చిన్న చుక్క కోసం వెతకడం మొదలుపెట్టారు. అలా సోహో ఫొటోల్లో దొరికిన తోకచుక్కలు 2024 మార్చికి 5000కు చేరాయి. ఎక్కువ భాగం పట్టింది ఇలాంటి ఔత్సాహికులే. సూర్యుణ్ణి చూడటానికి పంపిన ఉపగ్రహం తోకచుక్కల వేటలో అన్నిటినీ మించిపోయింది! ఫొటోలు తాళం వేసి దాచుకుని ఉంటే ఇందులో చాలావరకు ఎవరి కంటా పడేవి కావు.

2013 నవంబరు 28న ఐసాన్ తోకచుక్క సూర్యుడి పక్కనుంచి వెళ్తుంటే ఎంతమంది ఒకేసారి ఆ పేజీ మీద కూర్చున్నారో. లోపలికి వెళ్ళింది, పోయింది అన్నారు, అవతలివైపు ఏదో మసకగా బయటికొచ్చింది, బతికింది అన్నారు, తర్వాత రోజుల్లో అది కూడా చెదిరిపోయింది. శాస్త్రవేత్తలు చూస్తున్న ఫొటోలే మేమూ అదే సమయంలో చూస్తున్నాం. ఆ అనుభవం ఇంకెక్కడా రాలేదు నాకు.

మేడమ్ పేజీకి పనికొచ్చే మాట: సీ3 ఫొటోలో గ్రహం వచ్చినప్పుడు దానికి అటూ ఇటూ అడ్డంగా తెల్లటి గీత వస్తుంది, శని గ్రహం వలయాల్లా. దాన్ని అంతరిక్ష నౌక అని వీడియోలు చేసేవాళ్ళు బోలెడు. అది కెమెరా చిప్‌లో ఎక్కువైన ఛార్జి పక్క పిక్సెళ్ళలోకి పొర్లడం వల్ల వచ్చే గీత, అంతే. పెద్ద ఫ్లేర్ తర్వాత ఫొటో అంతా తెల్లటి చుక్కలు రాలినట్టు ఉంటే అవి ప్రోటాన్లు నేరుగా చిప్‌ను కొట్టిన గుర్తులు. ఒక్కోసారి చతురస్రాలుగా నల్ల ముక్కలు ఉంటాయి, అది దారిలో పోయిన డేటా. ప్రతి మే నెలలో కృత్తికలు సీ3లో కనిపిస్తాయి, పట్టపగలు సూర్యుడి వెనక నక్షత్రాలున్నాయని పిల్లలకు చూపించడానికి అంతకంటే మంచి ఫొటో లేదు.

గుంటూరు_ఫిజిక్స్:

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. జాన్సెన్ మా ఊరు వచ్చాడని విన్నాను గాని 304 ఫొటోకీ దానికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు, మా పిల్లలకు రేపే చెప్తాను. వాట్సాప్ ఫొటో పెద్దది చేసి చూశాను. అంచు మసగ్గానే ఉంది, భూమే.

రెండు సందేహాలు మిగిలాయి. ఫొటో రాని రోజున ఏం పెట్టాలి? ఒకటి రెండు రోజులు సైటు ఆగితే "దాచేస్తున్నారు" అంటారు జనం. రెండోది, ఫ్లేర్ వచ్చిందని వార్త రాగానే "మన ఫోన్లు పోతాయా టీచర్" అని పిల్లలు టెన్షన్ పడుతున్నారు, దానికి ఏం రాయాలి?

దుర్భిణి_దాదా:

ఫొటో రాకపోతే రాలేదని రాయండి, ఎందుకో తెలిస్తే అది కూడా. 2024 నవంబరు 26న ఎస్‌డీఓ డేటా దాచే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చల్లటి నీళ్ళ పైపు పగిలి సర్వర్ల గదిలోకి నీళ్ళొచ్చాయి. పైన ఉపగ్రహం నిక్షేపంగా ఉంది, కింద గది తడిసి నెలల తరబడి డేటా పనంతా దెబ్బతింది. సూర్యుడి నుంచి ఫోను దాకా దారిలో యాంటెన్నాలు, కేబుళ్ళు, గదులు, పైపులు, మనుషులు ఉంటారని పిల్లలకు తెలియాలి. అలాంటి రోజుల్లో పక్క ఉపగ్రహం ఫొటో పెట్టొచ్చు, అమెరికా వాతావరణ ఉపగ్రహాలు గోస్‌లలో సూవీ అనే కెమెరా ఉంది, అది కూడా 171, 304 లాంటి కాంతుల్లోనే తీస్తుంది. ఏ ఉపగ్రహమో మాత్రం మార్చి రాయండి.

ఫ్లేర్ సంగతి: 2024 మే 10, 11 తేదీల్లో వచ్చింది 2003 తర్వాత అంత పెద్ద భూ అయస్కాంత తుపాను, అంటే సూర్యుడి పేలుళ్ళ వల్ల భూమి అయస్కాంత క్షేత్రం కుదుపుకు గురికావడం. లద్దాఖ్‌లో హన్లే దగ్గర ఆకాశం ఎర్రబడింది, ఐఐఏ వాళ్ళ కెమెరాలకు చిక్కింది. గుంటూరులో ఎవరి ఫోనూ పోలేదు. ఆ తుపానులతో ఇబ్బంది పడేది ఉపగ్రహాలు, జీపీఎస్, షార్ట్‌వేవ్ రేడియో, ధ్రువాలకు దగ్గరగా ఉన్న దేశాల కరెంటు లైన్లు. ఇది ఇలాగే రాయండి, చాలు. మీరు సొంతంగా జోస్యం చెప్పకండి, హెచ్చరికలు ఇచ్చే సంస్థలు వేరే ఉన్నాయి, వాళ్ళు ఏమన్నారో దాన్ని తెలుగులో పెట్టండి.

ఇంకొకటి, వారానికొకసారైనా ఎస్‌డీఓలోనే ఉన్న ఇంకో పరికరం హెచ్‌ఎంఐ తీసిన ఫొటో పెట్టండి. అది కంటికి కనిపించే కాంతిలోనే, 6173 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర తీసింది, మచ్చలు స్పష్టంగా ఉంటాయి. 1024 సైజు హెచ్‌ఎంఐ ఫొటోలో మన భూమి పెడితే తొమ్మిది పిక్సెళ్ళు కూడా ఉండదు. ఆ సైజు నీలి చుక్క ఒకటి మూలన పెట్టి చూడండి, మచ్చ ఎంత పెద్దదో చెప్పే పని మీకు తప్పుతుంది. రోజూ ఒకే టైము ఫొటో తీసుకుని మచ్చ ఎక్కడుందో ట్రేసింగ్ పేపర్ మీద గుర్తు పెట్టిస్తే రెండు వారాల్లో ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరుతుంది, సూర్యుడు తిరుగుతున్నాడని పాఠంలో చదవక్కర్లేదు. అసలు సూర్యుణ్ణి మాత్రం కంటితో గాని, ఫోన్ కెమెరాలోంచి గాని చూడొద్దని ప్రతి పోస్టు కింద రాయండి, ఇంత ఉత్సాహం వచ్చాక ఎవడో ఒకడు పైకి చూస్తాడు.

గుంటూరు_ఫిజిక్స్:

మొదటి పోస్టు కింద ఇలా రాశాను, చూసి చెప్పండి:

"ఈ ఫొటో ఎస్‌డీఓ ఉపగ్రహం తీసింది. ఇది 304 ఆంగ్‌స్ట్రామ్‌ల కాంతి, కంటికి కనిపించదు. ఎరుపు మనం గుర్తు కోసం వేసుకున్న రంగు. వెలుగుతున్నది దాదాపు 50 వేల డిగ్రీల దగ్గరున్న హీలియం. అంచున లేస్తున్న జ్వాలల్ని 1868లో మన గుంటూరులో గ్రహణం రోజు చూశారు, మర్నాడు గ్రహణం లేకుండానే చూశారు. ఫొటో: నాసా, ఎస్‌డీఓ, ఏఐఏ బృందం. సూర్యుణ్ణి నేరుగా చూడకండి."

ఎల్‌వన్_తోవలో:

చాలా బాగుంది మేడమ్. టైము ఒక్కటి చేర్చండి. ఫొటో మూలన ఉండే టైము యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం, దానికి ఐదున్నర గంటలు కలిపి మన టైము రాయండి, సాయంత్రం ఆరున్నర తర్వాతివైతే తేదీ కూడా చూసుకోండి, అర్ధరాత్రి దాటితే మనకు మర్నాడు అవుతుంది. ప్రదాన్ నుంచి సూట్ ఫైలు ఒకటి తెరిచి, మూడు రకాలుగా కుదించిన ఫొటోలు ఈ ఆదివారం ఇక్కడే పెడతాను, చీటీలో ఉన్న వివరాలన్నీ తెలుగులో రాసి.